అవటు గ్రంథి లోపమూ, దేహపు బరువూ

"ఆమెకు థైరాయిడ్ వచ్చిందట" అనే మాట నేడు మన ఇండ్లలో తరచుగా వినిపిస్తుంది. ఆలోచిస్తే ఇది వింతమాటే. థైరాయిడ్ అనేది రోగం పేరు కాదు. మనలో ప్రతి ఒక్కరికీ పుట్టుకతో ఉన్న ఒక అవయవం పేరు. "ఆమెకు గుండె వచ్చింది" అని ఎవరైనా అంటే నవ్వుతాం గదా! తెలుగులో అవటు గ్రంథి అని పిలువబడే ఈ అవయవం మెడ ముందు భాగంలో, గొంతుముడికి దిగువగా, వాయునాళానికి ఇరువైపులా సీతాకోకచిలుక రెక్కల వలె అంటుకొని ఉంటుంది. పెద్దవారిలో దీని బరువు ఇంచుమించు 20 గ్రాములు. ఇది ఏ నాళమూ లేకుండా తన స్రావాన్ని నేరుగా రక్తంలోనికి వదులుతుంది కనుక దీనిని వినాళ గ్రంథులలో చేర్చారు. ఆ స్రావం తగ్గినప్పుడు కలిగే లోపాన్నే జనం "థైరాయిడ్ వచ్చింది" అంటున్నారు.

ఈ లోపం గలవారు వైద్యుని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. అయినా ఒళ్లు తగ్గదేమి?" ఈ ప్రశ్నకు సమాధానం నిన్న మొన్న పుట్టినది కాదు. దానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలియకపోవడం వలన కొందరు విసిగి మాత్ర మానివేస్తున్నారు. కొందరు తమంతట తామే రెండు మాత్రలు మింగుతున్నారు. రెండూ అపాయకరమైన పనులే.

1873లో సర్ విలియం గల్ అనే ప్రసిద్ధ వైద్యుడు లండను నగరంలోని క్లినికల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. నడివయస్సు స్త్రీలలో కొందరు క్రమంగా మారిపోవడం అతడు గమనించాడు. ముఖం గుండ్రమై ఉబ్బుతుంది. పెదవులు దళసరి అవుతాయి. నాలుక వెడల్పై మాట ముద్దగా వస్తుంది. అంతకుపూర్వం చురుకుగా ఉన్న మనస్సు మందగిస్తుంది. దీనికి కారణమేమిటో గల్ చెప్పలేకపోయాడు. 1877లో విలియం ఆర్డ్ అనే మరొక వైద్యుడు అట్టి రోగి మరణానంతరం శవపరీక్ష చేసి, చర్మం క్రింద జిగురువంటి పదార్థం పేరుకొని ఉండటం చూశాడు. దీనికి "మిక్సిడీమా" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఈ పేరులోని మొదటి భాగానికి చీమిడివంటి జిగురు అనీ, రెండవ భాగానికి వాపు అనీ అర్థం.

ఈ పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను. ఆర్డ్ చూసినది కొవ్వు కాదు, వాపు. మామూలు నీటివాపును వ్రేలితో నొక్కితే గుంట పడుతుంది. ఈ వాపులో గుంట పడదు. ఎందుకనగా ఇందులోని నీరు స్వేచ్ఛగా కదలదు. హయలురానిక్ ఆమ్లం మొదలైన పెద్ద అణువులు స్పంజి వలె దానిని పట్టి ఉంచుతాయి. అవటు హార్మోను తగ్గినప్పుడు ఈ అణువులు చర్మంలోను, ఇతర కణజాలాలలోను పేరుకుపోతాయి. వాటితోబాటు ఉప్పూ నీరూ నిలిచిపోతాయి.

ఈ వాపునకు అవటు గ్రంథితో సంబంధం ఉందని తెలిసింది ఇంగ్లండులో కాదు, స్విట్జర్లాండులో. అక్కడి కొండలోయలలో గళగండం, అనగా అవటు గ్రంథి పెరిగి మెడ ముందు కాయవలె వ్రేలాడే జబ్బు, ఆ రోజులలో మిక్కుటంగా ఉండేది. బెర్న్ నగరంలోని థియోడోర్ కోఖర్ ఈ కాయలను కోసి తీసివేయడంలో సిద్ధహస్తుడు. 1874లో అతడు 11 ఏళ్ల బాలికకు శస్త్రచికిత్స గావించాడు. ఆమెకూ ఆమె చెల్లెలికీ పోలికలు ఎక్కువ. కొన్నేళ్ల తరువాత చూస్తే చెల్లెలు ఎదిగి చక్కని యువతి అయినది. అక్క మాత్రం పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, మందమైన బుద్ధితో మిగిలిపోయింది. 1882లో జెనీవాకు చెందిన రెవెర్డాన్ తన రోగులలోను ఇట్టి మార్పులే చూశానని చెప్పగా, కోఖర్ తన పాత రోగులను పిలిపించి పరీక్షించాడు. గ్రంథిని పూర్తిగా కోల్పోయినవారిలో అధికసంఖ్యాకులకు ఇదే గతి పట్టింది. 1883లో అతడు ఈ సంగతిని దాచక సాటి శస్త్రవైద్యుల ఎదుట బయటపెట్టాడు. 1909లో అతనికి నోబెల్ బహుమానం వచ్చింది. చేతి నేర్పు కన్న ఆ నిజాయితీయే గొప్పదని నాకు తోస్తుంది.

అదే 1883లో లండనులో ఫెలిక్స్ సీమన్, గల్ చూసిన స్త్రీల జబ్బూ, కోఖర్ రోగుల దుస్థితీ, మరుగుజ్జు పిల్లల లోపమూ అన్నిటికీ అవటు గ్రంథి పోవడమే మూలమని అన్నాడు. వినినవారు నవ్వారు. అయినను సొసైటీ ఒక సంఘాన్ని నియమించింది. విక్టర్ హార్స్లీ కోతులలో గ్రంథిని తొలగించి చూశాడు. అంతకుముందే షిఫ్ అనే శాస్త్రజ్ఞుడు, కుక్క కడుపులో వేరొక అవటు గ్రంథిని అమర్చిన పిమ్మట దాని సొంత గ్రంథిని తీసివేస్తే అది చావకుండా బ్రతుకుతుందని చూపాడు. 1888లో వెలువడిన సంఘం నివేదిక సీమన్ మాటే నిజమని తేల్చింది.

ఇక చికిత్స. 1890లో లిస్బన్ నగరంలో ఇద్దరు వైద్యులు ఒక రోగి చర్మం క్రింద గొఱ్ఱె అవటు గ్రంథిని పాతారు. మరునాటికే ఆమెకు గుణం కనిపించింది. నాటిన ముక్కకు రక్తనాళాలు ఏర్పడేందుకు ఒక్క రోజు చాలదు. కాబట్టి ముక్కలోని రసమే శరీరంలోనికి ఇంకి పని చేసి ఉండవలెను. ఇంగ్లండులో న్యూకాజిల్ నగరవాసి జార్జి ముర్రే ఈ తర్కాన్నే పట్టుకున్నాడు. అతనికి అప్పటికి పాతికేళ్లు. కసాయి దుకాణం నుండి తాజా గొఱ్ఱె గ్రంథిని తెచ్చి, ముక్కలు చేసి, గ్లిసరిన్‌లోను, కార్బాలిక్ ఆమ్లం కలిపిన నీటిలోను ఒక రోజు నానబెట్టి, మరిగే నీటిలో ముంచి తీసిన చేతిరుమాలుతో పిండి రసం తీశాడు. దానిని 46 ఏళ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. కొద్ది నెలలలో వాపు దిగింది, మాట చురుకైంది, ఎండిన చర్మం తిరిగి చెమర్చింది. 1891 అక్టోబరులో ఈ విషయం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించబడింది.

మరుసటి సంవత్సరమే సూది కూడా అవసరం లేదని తేలింది. నోటితో తిన్నా చాలును. ప్లిమత్‌కు చెందిన ఫాక్స్ అనే వైద్యుడు సగం గ్రంథిని కొద్దిగా వేయించి, కొట్టి, పండ్ల జెల్లీతో వారానికొకసారి తినిపించాడు! ముర్రే చికిత్స చేసిన మొదటి రోగి తరువాత 28 ఏళ్లు బ్రతికి, 1919లో 74వ ఏట గుండెజబ్బుతో మరణించింది. ఈ కాలంలో ఆమె పుచ్చుకున్న మందుకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు పట్టాయని ముర్రే లెక్క వేశాడు. లోపం జీవితాంతం ఉంటుంది. మందూ జీవితాంతం ఉంటుంది. మందు ఉన్నంతవరకూ మనిషి మామూలు మనిషే. ఈ సంగతి ఆనాడే రుజువైనది.

గ్రంథి రసంలో ఏమున్నది? 1895లో బౌమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు దానిలో అయొడిన్ ఉన్నదని కనుగొన్నాడు. ఆహారంలో అయొడిన్ లోపిస్తే గ్రంథి ఉబ్బి గళగండం ఏర్పడుతుందనే విషయానికి ఇది బలమైన ఆధారమైంది. మన దేశంలో హిమాలయ పాదప్రాంతమైన కాంగ్రా లోయలో 1956లో మొదలైన పరీక్ష ఈ రంగంలో పేరొందినది. దానికి నాయకత్వం వహించిన వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్నంలో వైద్యం చదివిన తెలుగువారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. ఐదారేళ్లలో మొదటి రెండింటిలో గళగండం సుమారు సగానికి తగ్గింది, మూడవదానిలో తగ్గలేదు. మన వంటింటి ఉప్పు పొట్లం మీది "అయొడిన్ కలిపినది" అనే మాట వెనుక ఈ పరీక్ష ఉన్నది.

అయితే అయొడిన్ చాలినంత దొరికేచోట కూడా ఈ గ్రంథి మందగిస్తుంది. 1912లో జపాను వైద్యుడు హషిమోటో నలుగురు స్త్రీల గ్రంథులలో తెల్లరక్తకణాలు గుమిగూడి ఉండటం వర్ణించాడు. దేహ రక్షణ వ్యవస్థ తన గ్రంథి మీదనే దాడి చేయడం దీనికి మూలమని 1956లో లండనులో తేలింది. అయొడిన్ తగినంత దొరికే ప్రదేశాలలో ఈ లోపానికి ముఖ్యకారణం ఇదే. కనుక ఉప్పు ఎక్కువ తిని దీనిని నయం చేసుకోలేము.

హార్మోనును శుద్ధంగా వేరుచేసిన ఖ్యాతి అమెరికాలోని కెండాల్‌ది. 1914 క్రిస్మస్ నాడు అతనికి స్ఫటికాలు లభించాయి. తరువాత ఇంచుమించు 3 టన్నుల పంది గ్రంథుల నుండి అతడు సంపాదించిన థైరాక్సిన్ 33 గ్రాములు మాత్రమే! 1927లో హారింగ్టన్, బార్జర్ దీనిని ప్రయోగశాలలో తయారుచేశారు. నేటి మాత్రలోనిది ఈ విధంగా సంశ్లేషించిన థైరాక్సినే. గొఱ్ఱెకూ పందికీ దీనితో పని లేదు.

బరువు విషయంలో పొరపాటు మొదలైంది కూడా 1890ల లోనే. మందు పడిన కొన్ని వారాలలో వాపు మనిషి సన్నబడటం వైద్యులు కళ్లారా చూశారు. 1895లో మాగ్నస్ లెవీ ఊపిరి వాయువులను కొలిచి, అవటు లోపంలో విశ్రాంతి జీవక్రియ రేటు తగ్గుతుందనీ, గ్రంథి మందుతో పెరుగుతుందనీ చూపాడు. పొయ్యిలో మంట పెంచితే కట్టెలు త్వరగా కాలుతాయి. కాబట్టి లావుగా ఉన్నవారందరికీ ఇదే ఇస్తే కొవ్వు కరుగుతుంది గదా అనుకున్నారు. గ్రంథి చక్కగా ఉన్నవారికి కూడా ఈ బిళ్లలు అమ్మారు.

ఈ లెక్కలో రెండు సంగతులు విడిచిపెట్టారు. మొదటిది, దేహం ఊరకే చూస్తూ ఉండదు. మెదడు దిగువనున్న పీయూష గ్రంథి రక్తంలోని హార్మోను మట్టాన్ని కనిపెట్టి ఉంటుంది. బయటినుండి కొద్దిగా మందు చేరితే అది తన ప్రేరక హార్మోనును తగ్గిస్తుంది. సొంత గ్రంథి ఆ మేరకు పని తగ్గించుకుంటుంది, లాభం శూన్యం. రెండవది, ఈ అదుపును మించిన మోతాదు ఇస్తే కరిగేది కొవ్వొక్కటే కాదు, కండరం కూడా. గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలుచనవుతాయి. అమెరికాలో 1960లలో బరువు తగ్గేందుకని రంగురంగుల బిళ్లలు అమ్మారు. వాటిలో అవటు గ్రంథి పొడి, ఉత్తేజకాలు, మూత్రం వెళ్లగొట్టే మందులు, గుండెమందు కలగలిపి ఉండేవి. కొందరు మరణించిన పిమ్మట 1968లో ఆ దేశపు సెనేటులో విచారణ జరిగింది. థైరాక్సిన్‌ను బరువు తగ్గేందుకు వాడరాదని నేడు ఆ దేశంలో మందుతోబాటు ఇచ్చే కాగితం మీద గడికట్టి హెచ్చరిక ముద్రిస్తున్నారు.

మరి నిజంగా లోపం ఉన్నవారి సంగతి? 2011లో డెన్మార్కు పరిశోధకులు లోపం గల 12 మందిని చికిత్సకు ముందు, ఒక సంవత్సరం చికిత్స పిమ్మట తూచి, దేహంలో కొవ్వు ఎంత, కొవ్వుకానిది ఎంత అని విడివిడిగా కొలిచారు. సగటున 4 కిలోలకు పైగా తగ్గారు. కాని కొవ్వు ఇంచుమించు అంతే ఉన్నది. పోయినది ముఖ్యంగా నీరు. ఆర్డ్ 1877లో చూసిన జిగురు వాపే అది. జీవక్రియ మందగించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది కనుక ఈ లోపం వలన మాత్రమే చేరే కొవ్వు తక్కువ. లోపం వలన పెరిగే బరువు సాధారణంగా 2 నుండి 5 కిలోలని వైద్యులు అంచనా వేస్తారు. 15 కిలోలు, 20 కిలోలు ఎక్కువ ఉన్నవారు ఆ భారమంతా ఈ చిన్న గ్రంథి మీద మోపడం న్యాయం కాదు. అట్లని అది వారి తప్పు అని కూడా కాదు. వంశం, వయస్సు, భోజనం, నిద్ర, కూర్చొని చేసే పని, అన్నీ అందులో ఉన్నాయి.

కనుక మాత్ర చేయవలసిన పని వేరు, మనం చేయవలసిన పని వేరు. మాత్రను పరగడుపున మంచినీటితో వేసుకొని, కాఫీకి గాని పలహారానికి గాని అరగంట నుండి గంట వరకు ఆగాలి. ఇనుము, కాల్షియం బిళ్లలు థైరాక్సిన్‌ను ప్రేగులో పట్టివేస్తాయి. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గేందుకు సుమారు 7 రోజులు పడుతుంది. అందువలన మోతాదు మార్చిన 6 నుండి 8 వారాల తరువాత గాని టి.ఎస్.హెచ్. పరీక్షకు అర్థం ఉండదు. వారానికొకసారి రక్తం ఇచ్చి కంగారుపడటం దండుగ. గర్భవతి అని తెలిసిన వెంటనే వైద్యునికి చెప్పాలి. తొలి నెలలలో శిశువు మెదడు తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ముట్టరాదనే భయం అనవసరం. అయొడిన్ ఉప్పు వాడే ఇంట ఉడికించిన కూర మామూలుగా తింటే హాని లేదు. బరువు తగ్గవలసినవారికి పాత మార్గమే: కంచంలో అన్నం కుప్ప తగ్గించి పప్పు, కూరలు పెంచడం, నూనె, చక్కెర తగ్గించడం, రోజూ నడవడం. పరీక్షలో హార్మోను మట్టం సరిపడితే ఈ మార్గం లోపం లేనివారికి ఎట్లా పని చేస్తుందో వీరికీ ఇంచుమించు అట్లే పని చేస్తుంది. మట్టం సరిపడక ముందు మాత్రం నీరసం, కండరాల నొప్పి అడ్డువస్తాయి. అందుచేత ముందు మందు, పిమ్మట నడక.

ఉపాధ్యాయులకు ఒక మాట. బొద్దుగా ఉన్న విద్యార్థిని చూసి "థైరాయిడేమో" అనడం ఇప్పుడు పరిపాటి అయినది. సాధారణంగా లావెక్కిన పిల్లలు తమ ఈడువారితో సమానంగానో, ఇంకొంచెం పొడవుగానో ఉంటారు. అవటు లోపం గల పిల్లలలో బరువు కన్న ముందుగా ఎత్తు ఆగిపోతుంది. కోఖర్ చూసిన అక్కాచెల్లెళ్లలో అక్క పొట్టిగా మిగిలింది ఇందుకే. రెండేళ్ల క్రితం ప్రార్థన వరుసలో మధ్యన నిలిచిన పిల్ల ఇప్పుడు మొదటికి వచ్చిందా, చలికి తట్టుకోలేకపోతున్నదా, చదువులోను ఆటలోను మందగించిందా అని చూడాలి. బడిలో ఏటా కొలిచే ఎత్తుల పట్టిక ఇందుకు చాలును. దానిని ఒకసారి తిరగవేసి, ఎదుగుదల నిలిచిన పేరు కనిపిస్తే తల్లిదండ్రులతో రక్తపరీక్ష సంగతి మాట్లాడవచ్చు.