శాస్త్రవ్యాసాలలో జాబితా

శాస్త్రవ్యాసాలలో జాబితా అనగా ఒకే కోవకు చెందిన అంశాలను ఒక క్రమంలో పేర్కొనడం. అడ్డు, నిలువు వరుసలు రెండూ ఉంటే దానిని పట్టిక అంటారు. జాబితాలో ఒక్క వరుస మాత్రమే ఉంటుంది. పరిశోధనా వ్యాసంలో జీవజాతులు, పంటలు, పరికరాలు, ప్రయోగ దశలు, రచయితల పేర్లు జాబితాలుగా వస్తాయి. పాఠకులు జాబితాను చదవడంతో ఆగరు, అందులోని అంశాలను లెక్కించి తమ పనికి వాడుకుంటారు. కనుక జాబితాలోని చిన్న లోపం తరువాతి లెక్కలన్నిటిలోనికి ప్రవేశిస్తుంది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా కృష్ణా జిల్లాలోని తోట్లవల్లూరు మండలం మరియు కృష్ణా డెల్టాకు సంబంధించినవి.

తెలుగులో జాబితా సంప్రదాయం

ముందు సంఖ్యను చెప్పి, తరువాత అంశాలను చెప్పడం మన శాస్త్రగ్రంథాలలో పాత పద్ధతి. త్రిఫలాలు (కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ), త్రికటుకాలు (శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు), షడ్రుచులు, నవధాన్యాలు ఇందుకు ఉదాహరణలు. ఈ పద్ధతి జ్ఞాపకానికే గాక తనిఖీకి కూడా పనికివస్తుంది. నవధాన్యాలని చెప్పి ఎనిమిదే వ్రాస్తే లోపం వెంటనే బయటపడుతుంది. నేటి వ్యాసాలలో కూడా "ఈ క్రింది ఐదు రకాలను పరీక్షించారు" అని సంఖ్యతో ప్రారంభించడం మేలు.

ఒకే ప్రాతిపదిక

జాబితాలోని అంశాలన్నీ ఒకే స్థాయికి చెంది ఉండాలి. తోట్లవల్లూరు ప్రాంతపు పంటలను "వరి, చెరకు, పసుపు, వాణిజ్య పంటలు, అరటి" అని వ్రాస్తే అది సరైన జాబితా కాదు. చెరకు, పసుపు, అరటి వాణిజ్య పంటలలోనివే కనుక అవి రెండుసార్లు లెక్కకు వస్తాయి.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట గల మడ అడవులలోని చెట్ల జాబితాలో తెల్లమడ, నల్లమడ, తిల్ల అని వ్రాసి, వాటి ప్రక్కన ఇలకూరను చేర్చడం మరొక పొరపాటు. ఇలకూర ఉప్పునేలలో పెరిగే చిన్న మొక్క, చెట్టు కాదు. శీర్షిక "ఉప్పునేలలలో పెరిగే మొక్కలు" అని ఉంటే ఆ నాలుగూ ఒకే జాబితాలో ఇముడుతాయి. అంటే, జాబితా సరైనదో కాదో నిర్ణయించేది దాని శీర్షికయే.

గ్రామాల జాబితాలో ప్రాతిపదిక మరింత ముఖ్యం. తోట్లవల్లూరు మండలంలో ఉత్తర వల్లూరు, దక్షిణ వల్లూరు, వల్లూరుపాలెం వేరు వేరు గ్రామాలు. ఉత్త "వల్లూరు" అని వ్రాస్తే ఏదో తెలియదు. అలాగే రెవెన్యూ గ్రామాలనే లెక్కించారా, శివారు పల్లెలను కూడా చేర్చారా అన్నది ముందే చెప్పాలి. కృష్ణకు 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను వచ్చినటువంటి వరదలపై అధ్యయనం చేసేవారు రెవెన్యూ గ్రామాల పేర్లు మాత్రమే తీసుకుంటే, నీరు ముందుగా చేరే లంక పల్లెలు జాబితాలో విడిగా కనబడవు.

కాలాన్ని కూడా పేర్కొనాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో విజయవాడ కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాకు మారింది. కనుక "కృష్ణా జిల్లా పట్టణాలు" అనే జాబితాకు సంవత్సరం లేకపోతే అర్థం స్పష్టం కాదు.

ఒకే వస్తువు, రెండు పేర్లు

వరి వంగడాలకు సాధారణంగా ఒక సంకేత సంఖ్య, ఒక వాడుక పేరు ఉంటాయి. ఎం.టి.యు. 7029 పేరు స్వర్ణ, ఎం.టి.యు. 1010 పేరు కాటన్‌దొర సన్నాలు, బి.పి.టి. 5204 పేరు సాంబ మసూరి. రైతులు చెప్పిన పేర్లను, విత్తన సంచులపై ఉన్న సంఖ్యలను కలిపి "స్వర్ణ, బి.పి.టి. 5204, సాంబ మసూరి, ఎం.టి.యు. 7029" అని వ్రాస్తే చూడడానికి నాలుగు రకాలు, నిజానికి రెండే. వ్యాసమంతటా ఒకే పేరును వాడి, రెండవదాన్ని మొదటిసారి మాత్రమే కుండలీకరణాలలో ఇవ్వడం సరైన పద్ధతి.

జీవజాతుల పేర్లను సంక్షిప్తం చేయడంలోనూ జాగ్రత్త అవసరం. అవిసెన్నియా, అకాంథస్ అనే రెండు ప్రజాతులు ఒకే జాబితాలో ఉన్నప్పుడు రెండిటినీ "అ." అని కుదిస్తే ఏది ఏదో తెలియదు. అటువంటి చోట పూర్తి పేరు వ్రాయాలి.

వాక్య నిర్మాణం

విశేషణం: "లంక భూములలోని పసుపు, కంద, అరటి" అన్నప్పుడు లంక భూములు పసుపుకు మాత్రమే వర్తిస్తాయా, మూడిటికా అన్న సందేహం వస్తుంది. పసుపుకు మాత్రమే అయితే "కంద, అరటి, లంక భూములలోని పసుపు" అని విశేషణం గల అంశాన్ని చివర ఉంచాలి.

సముచ్చయం: తెలుగులో అంశాలను కామాలతో గాని, "వరీ, చెరకూ" అని చివరి అచ్చును దీర్ఘం చేసి గాని కలుపుతారు. చివరి అంశానికి ముందు "మరియు" తప్పనిసరి కాదు.

మొదలైనవి: పరీక్షించిన నమూనాలు, వాడిన రసాయనాలు చెప్పేటప్పుడు "మొదలైనవి", "వగైరా" పనికిరావు. ప్రయోగాన్ని మళ్ళీ చేయదలచినవారికి మిగిలినవి ఏవో తెలియాలి.

వరుసగా: "స్వర్ణ, సాంబ మసూరి రకాలను వరుసగా మార్టేరు, బాపట్ల పరిశోధనా స్థానాలు రూపొందించాయి" అనే వాక్యంలో రెండు జాబితాలున్నాయి. ఒకదానిలో కొత్త పేరు చేర్చి రెండవదాన్ని మార్చకపోతే జతలన్నీ తప్పుతాయి. మూడుకు మించిన జతలుంటే పట్టిక మేలు.

క్రమం

క్రమం కాలానుసారం, పరిమాణానుసారం లేదా అకారాదిగా ఉండవచ్చును. ప్రయోగ దశలకు అంకెలు వేయాలి. క్రమంతో పని లేని అంశాలకు అంకెలు వేస్తే లేని ప్రాధాన్యం ఉన్నట్లు కనబడుతుంది.

కొన్ని జాబితాలలో స్థానమే అర్థాన్నిస్తుంది. ఎరువుల సంచులపై 14-35-14 అంటే వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 28-28-0 లో పొటాష్ లేకపోయినా సున్నను వదలరు. విలువ లేనిచోటును ఖాళీగా విడవరాదన్న నియమానికి ఇది మంచి ఉదాహరణ.

అకారాది క్రమంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు రెండు. మొదటిది "క్ష": వర్ణమాలలో చివర చూపుతారు గాని, క, ష ల సంయుక్తాక్షరం కనుక కంప్యూటరు దానిని "క" క్రింద చేరుస్తుంది. రెండవది ఇంటిపేరు: ఎల్లాప్రగడ సుబ్బారావు తెలుగు జాబితాలో "ఎ" వద్ద వస్తారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన భాస్వర నిర్ణయ పద్ధతి ఆంగ్ల గ్రంథసూచులలో ఫిస్కే–సుబ్బారావు పేరుతోనే కనబడుతుంది. ఏ క్రమాన్ని పాటించినా జాబితా అంతటా ఒక్కటే ఉండాలి.

సరిచూచుకోవలసిన అంశాలు

1. శీర్షికలో చెప్పిన సంఖ్య, అంశాల సంఖ్య ఒకటేనా?
2. ప్రతి అంశమూ శీర్షిక క్రిందకు వస్తుందా?
3. ఒకే వస్తువు రెండు పేర్లతో ఉన్నదా?
4. అంశాలన్నీ ఒకే వ్యాకరణ రూపంలో ఉన్నాయా?
5. స్థలం, కాలం పేర్కొన్నారా?

ఇవి కూడా చూడండి

పట్టిక
ద్వంద్వ సమాసం
ద్వినామ నామకరణం
తోట్లవల్లూరు మండలం