బహుపరమాణుక అయాన్లలో ఆక్సీకరణ సంఖ్య

బంధంలోని ఎలక్ట్రాన్ జంటను పూర్తిగా ఋణవిద్యుదాత్మకత ఎక్కువున్న పరమాణువుకే కట్టబెడితే, ఒక్కో పరమాణువుపై తేలే ఆవేశమే దాని ఆక్సీకరణ సంఖ్య. ఇది లెక్క కోసం చేసుకున్న ఏర్పాటు. పరమాణువు నిజంగా అంత ఆవేశం మోయదు. అయాన్‌లోని సంఖ్యలన్నీ కూడితే అయాన్ ఆవేశం రావాలి.

పౌలింగ్ కొలమానంలో ఆక్సిజన్ ఋణవిద్యుదాత్మకత విలువ 3.44, నైట్రోజన్ 3.04, సల్ఫర్ 2.58, హైడ్రోజన్ 2.20. ఎరువుగా వాడే అమ్మోనియం నైట్రేట్‌లో నైట్రోజన్ రెండు చోట్ల ఉంటుంది. అమ్మోనియంలో అది హైడ్రోజన్ల ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది: నాలుగు హైడ్రోజన్లకు +4, అయాన్ ఆవేశం +1, కాబట్టి నైట్రోజన్‌కు −3. నైట్రేట్‌లో ఆక్సిజన్‌దే పైచేయి: మూడింటికి −6, అయాన్ ఆవేశం −1, నైట్రోజన్‌కు +5. అయాన్లను విడదీయకుండా లెక్కేస్తే వచ్చే +1 ఒట్టి సగటు, ఏ నైట్రోజన్‌దీ కాదు.

అసలు చిక్కు థయోసల్ఫేట్‌తో వస్తుంది. ఆవేశం −2, మూడు ఆక్సిజన్లకు −6. రెండు సల్ఫర్లకు కలిపి +4, అంటే సగటున +2. కానీ ఆక్సిజన్లన్నీ మధ్య సల్ఫర్‌నే అంటిపెట్టుకుని ఉంటాయి. సల్ఫర్–సల్ఫర్ బంధంలో విలువలు సమానం కనుక ఆ జంటను చెరిసగం పంచాలి. దాన్ని ఏకబంధంగా గీస్తే మధ్య సల్ఫర్‌కు +5, అంచు సల్ఫర్‌కు −1 వస్తాయి. సల్ఫేట్‌లోని ఒక ఆక్సిజన్ స్థానాన్ని సల్ఫర్ ఆక్రమించిందనుకునేవారు +6, −2 అని రాస్తారు. ఏ పద్ధతిలోనైనా మొత్తం +4 మారదు. రెండు సల్ఫర్లూ ఒకటి కావనడానికి ప్రయోగ సాక్ష్యం ఉంది: సల్ఫైట్‌కు రేడియోధార్మిక సల్ఫర్ చేర్చి థయోసల్ఫేట్ చేసి, ఆమ్లం కలిపితే, ఆ రేడియోధార్మికత అంతా అడుగున పేరుకున్న సల్ఫర్‌లోనే దొరుకుతుంది.