తల్లులతో కబుర్లు, మధ్యలో ఓ మందు సీసా

ఇన్‌స్టాగ్రామ్‌లో పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని, రాత్రంతా నిద్రలేని కష్టాలు నాలుగు చెప్పి, అయిదో వాక్యంలో మెల్లిగా ఏ డైపరు పేరో, ఏ నూనె పేరో దించే అమ్మల్ని చూసి "ఇవన్నీ ఈ తరం వేషాలు" అనేవాళ్ళు మన ఆఫీసుల్లో చాలామందే ఉన్నారు. మార్కెటింగ్ వాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేసి, ఇదేదో మొన్నమొన్న అమెరికాలో కనిపెట్టిన కళ అన్నట్టు స్లయిడ్లు వేస్తారు. రెండూ తప్పే. తెలుగులో ఈ వ్యాపారానికి వందేళ్ళు నిండబోతున్నాయి. ఒక మందుల కంపెనీ, ఒక పత్రిక, ఒక బాపట్ల ఇల్లాలు, ఈ ముగ్గురి కథ అది. కాస్త ఓపిక పడితే చెప్తాను. కాకపోతే మొదలు మాత్రం మా వైపు నుంచే, అంటే బందరు, గుడివాడ, దివిసీమల వైపు నుంచే. సొంతూరి పిచ్చి అనుకోండి, పర్లేదు.

ముందు కంపెనీలేవీ లేని రోజులు. 1902లో బందరులో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి కృష్ణాపత్రిక, అందరికీ తెలిసిందే. రెండోది భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి పెట్టిన బృందావన స్త్రీల సమాజం. దీని పేరు బందరు వాళ్ళలోనే చాలామందికి తెలీదు. అచ్చమాంబగారు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నావిడ. కన్న బిడ్డలిద్దర్నీ పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలోంచే అబలా సచ్చరిత్ర రత్నమాల లాంటి పెద్ద పుస్తకం రాశారు, ఊరూరా తిరిగి ఆడవాళ్ళని పోగేశారు. 1905లో, ముప్పయ్యేళ్ళ వయసుకే పోయారు. ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని పిల్లల గురించీ, చదువు గురించీ, సంసారం గురించీ మాట్లాడుకోవడం అనే దానికి ఆ సమాజం ఒక మొదలు. దాని వెనక స్పాన్సరు ఎవరూ లేరు.

స్పాన్సరు లేకపోతే వచ్చే చిక్కేంటో మనందరికీ తెలుసు, సర్వర్ బిల్లు ఎవడు కడతాడు? 1931 జనాభా లెక్కలనాటికి కూడా దేశం మొత్తంలో ఆడవాళ్ళ అక్షరాస్యత 3 శాతం లోపే. అలాంటి చోట ఆడవాళ్ళ కోసం పత్రిక పెడితే చందాలతో కాగితం ఖర్చు కూడా రాదు. ఆ లోటు పూడ్చింది మందుల డబ్బు. అక్కడే ఇంకో కృష్ణాజిల్లా ఆయన వస్తారు.

పామర్రు దగ్గర ఎలకుర్రు. అటు గుడివాడ, ఇటు బందరు. ఆ ఊళ్ళో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు బందరులో, ఆ తర్వాత మద్రాసులో చదువుకుని, బొంబాయి చేరి 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వెళ్ళి జనానికి డబ్బాలు ఉచితంగా పంచేవారట. ఫ్రీ ట్రయల్ అన్నమాట! ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924లో భారతి. తెలుగు సాహిత్యంలో సగం ఆ పసుపుపచ్చ డబ్బాకి రుణపడి ఉందంటే మరీ అతిశయోక్తేం కాదు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు "లీలావతి" అనే మారుపేరుతో "మా చెట్టునీడ ముచ్చట్లు" రాసింది ఈ ఆంధ్రపత్రికలోనే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఇంతకీ బాపట్ల ఇల్లాలు అన్నది ఈవిడ గురించే.

అమృతాంజనం అందరి తలకీ రాసుకునేది, అది ఆడవాళ్ళకంటూ ప్రత్యేకంగా చేసింది కాదు. నేరుగా ఆడవాళ్ళ కోసమే మందు చేసి, ఆ మందు డబ్బుతో ఆడవాళ్ళ కోసమే పత్రిక పెట్టినాయన డాక్టర్ కె. ఎన్. కేసరి. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో పుట్టి, చిన్నప్పుడే చేతిలో ఏమీ లేకుండా మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చుకుని 1900లో కేసరి కుటీరం స్థాపించారు. ఆ కుటీరానికి పేరు తెచ్చిన మందు "లోధ్ర". మన లొద్దుగ చెట్టు పేరే సంస్కృతంలో. గర్భాశయ బాధలకి, నెలసరి ఇబ్బందులకి అని అమ్మేవాళ్ళు. 1928లో ఆయన "గృహలక్ష్మి" మాసపత్రిక మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆయన కుర్చీలో మీరు కూర్చుని ఆలోచించండి. మీ ప్రాడక్టు ఆడవాళ్ళ మందు. కొనాల్సిన మనిషి బజారుకి రాదు, డాక్టరు దగ్గరికి పోదు, బాధ మగవాళ్ళతో చెప్పదు. తల్లి కావడం చుట్టూ ఉన్న బాధలు అసలే చెప్పదు. ఆ మనిషిని చేరడం ఎలా? ఇంట్లోకి వెళ్ళే పత్రిక ఒక్కటే దారి. దాన్లో వంటా, కథలూ, పిల్లల పెంపకం, సాటి ఆడవాళ్ళ మాటలూ. మందేమో పోస్టులో వి.పి.పి. పద్ధతిలో తెప్పించుకోవచ్చు, ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. రేవు దాటితే గానీ బయటి ప్రపంచం లేని దివిసీమ లంకలో కూడా పోస్టుమాను ఉంటాడు కదా. ఈ లెక్క ఇవాళ "కంటెంట్ మార్కెటింగ్" పేరుతో మనకి ట్రైనింగుల్లో చెప్తున్నారు, భోజనం కూడా పెట్టి.

ఇక్కడిదాకా అయితే ఇది మామూలు వ్యాపారం. నాకు ఆశ్చర్యంగా అనిపించేది దీని తర్వాతది. ఆ పత్రికలో వరలక్ష్మమ్మగారు "శారద లేఖలు" అని నెలనెలా రాశారు, సుమారు ఆరేళ్ళు. శారద అనే ఆవిడ స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలు. చనువుగా, కబుర్లు చెప్పినట్టు ఉంటాయి. కానీ ఆ కబుర్లలో ఉన్నదేంటో చూడండి: బాల్యవివాహాల చట్టం, విడాకుల హక్కు, ఆడపిల్లల చదువు, ఖద్దరు. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళి వయసు 14 ఏళ్ళని పెడితే దేశంలో సగం ఇళ్ళలో రభస. పద్నాలుగు నిండకుండా పిల్లకి పెళ్ళి చెయ్యొద్దని ఇంట్లోకి వెళ్ళే పత్రికలో తల్లులకి చెప్పడం అంటే చందాదారుల్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. ఈ ఉత్తరాల వల్ల లోధ్ర సీసా ఒక్కటైనా ఎక్కువ అమ్ముడుపోయి ఉంటుందా? నాకైతే అనుమానమే. అయినా ఆరేళ్ళు వేశారు. పైగా 1934లో కేసరిగారు రచయిత్రుల కోసం గృహలక్ష్మి స్వర్ణకంకణం పెట్టి, మొదటిది వరలక్ష్మమ్మగారికే ఇచ్చారు.

అలాగని కేసరిగారిని నెత్తిన పెట్టుకోవక్కర్లేదు. లోధ్ర పనిచేస్తుందని ఇవాళ్టి అర్థంలో ఎవరూ పరీక్ష చేసి చూపించలేదు. ఆ రోజుల్లో పత్రికలన్నీ సంతానం కలిగించే మందులు, సర్వరోగ నివారిణులతో నిండి ఉండేవి. 1954లో మందుల ప్రకటనల మీద చట్టం వచ్చింది. నెలసరి సరిచేస్తామని ప్రకటన వెయ్యకూడదంది. షెడ్యూలులో గర్భాశయ రుగ్మతలు, ఆడవారి వంధ్యత్వం, మొత్తంగా "స్త్రీ వ్యాధులు" అన్నీ చేర్చింది. అంటే ఆ రకం మందు ప్రకటన పాత పద్ధతిలో వేస్తే నేరం. కేసరిగారు అంతకు ముందు ఏడే, 1953లో పోయారు. పైగా ఆ పత్రిక చేరింది చదువుకున్న ఆ 3 శాతంలో కొద్దిమందికే. నాగాయలంక చేపల రేవులో పనిచేసే తల్లికి శారద ఎవరో, కల్పలత ఎవరో తెలిసే అవకాశమే లేదు.

చదువు రాని తల్లిని చేరడానికి వేరే పనిముట్టు వచ్చింది. బొమ్మ. డబ్బా మీద బొద్దుగా, తెల్లగా నవ్వే పాపాయి. గ్లాక్సో, లాక్టోజెన్, తర్వాత మన అమూల్ స్ప్రే. మా అమ్మమ్మది దివిసీమ. ఆవిడ చిన్నతనంలో ఉగ్గుగిన్నె, వసకొమ్ము, ఆముదం ఉన్న ఇల్లు మామూలు ఇల్లు, "డబ్బాపాలు పట్టే ఇల్లు" అంటే ఉన్నవాళ్ళ ఇల్లు. అయిపోయిన డబ్బాలో పోపుగింజలు పోసుకుని, బొమ్మ కనపడేట్టు అటకమీద పెట్టుకునేవాళ్ళు. ఉచిత హోర్డింగు, అదీ వంటింట్లో! గ్రైప్ వాటర్ వాళ్ళ తెలివి ఇంకో రకం. 1851లో ఇంగ్లండులో విలియం ఉడ్‌వర్డ్ చేసిన మందది. పాత ఫార్ములాలో ఆల్కహాలు కూడా ఉండేది. మనకి టీవీలో వచ్చిన ప్రకటన గుర్తుందా? పాప ఏడుస్తుంటే తల్లి, ఆవిడ తల్లి, ఆ పై ముసలమ్మ వరసగా అదే మందు పేరు చెప్తారు. అమ్మమ్మ మాట మీద ఉన్న నమ్మకాన్ని సీసాలో పోసి అమ్మడం. వసకొమ్ము పని అలా సీసాకి బదిలీ అయింది.

పాలపొడి కథ మాత్రం నవ్వుకునేది కాదు. దివిసీమ, బందరు తీరం వాళ్ళకి వివరించక్కర్లేదు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. తాగేది కాలవ నీళ్ళు, చెరువు నీళ్ళు. పాలపొడి ఎంత మంచిదైనా దాన్ని కలిపే నీళ్ళ కన్నా మంచిది కాదు. కాచడానికి పుల్లలుండాలి, సీసా కడగడానికి మంచినీళ్ళుండాలి, డబ్బా వారంలో అయిపోతుంటే పొడి తగ్గించి నీళ్ళు పెంచకుండా ఉండే డబ్బుండాలి. ఈలోగా తల్లికి పాలు ఇంకిపోతాయి, ఇక వెనక్కి రావడం కష్టం. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని రిలీజు. డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే సింగపూరు రోటరీ క్లబ్బులో నిలబడి ఈ మాట చెప్పింది. ఉపన్యాసం పేరు పాలు, హత్య అని అర్థం వచ్చేట్టు పెట్టింది. నర్సు బట్టలు వేసుకుని ఇంటింటికీ తిరిగి తల్లులకి డబ్బాపాలు అంటగట్టే అమ్మాయిల గురించి కూడా చెప్పింది. తల్లి నమ్మే మనిషి వేషంలో అమ్మడం అన్నమాట. తర్వాత 1974లో లండన్లో ఒక చిన్న పుస్తకం, 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి. మన దేశం 1992లో చట్టం చేసింది, 2003లో బిగించింది. పాలపొడికి, పాలసీసాకి, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు బంద్, ఉచిత శాంపిల్సు బంద్, డబ్బా మీద పాపాయి బొమ్మ బంద్. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంత గట్టి చట్టం చాలా ధనిక దేశాల్లో కూడా లేదు. చాలామంది పాల డబ్బా మీద పాపాయి ఎప్పుడు మాయమైందో గమనించనే లేదు.

బొమ్మ పోయింది కానీ అవసరం పోలేదు కదా. బిడ్డ పుట్టిన ఆర్నెల్లలో తల్లి ఏ బ్రాండుకి అలవాటు పడితే ఏళ్ళ తరబడి అదే కొంటుందని ప్రతి కంపెనీకీ తెలుసు. 2012లో అమెరికా టార్గెట్ దుకాణం సంగతి మీరు చదివే ఉంటారు. సుమారు 25 సరుకుల కొనుగోళ్ళు చూసి ఎవరు గర్భవతో లెక్కకట్టి కూపన్లు పంపారు. నేనూ కొన్నాళ్ళు ప్రకటనల సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. "కాబోయే తల్లిదండ్రులు" అనే సెగ్మెంటుకి వేలంలో రేటు మామూలు సెగ్మెంట్లకన్నా ఎప్పుడూ ఎక్కువే ఉండేది. కేసరిగారు తన మనిషి ఎవరో ఊహించి పత్రిక పెట్టారు. ఇప్పుడు ఊహించక్కర్లేదు, ఆ మనిషే రాత్రి మూడింటికి పాపని ఎత్తుకుని "పాప ఏడుపు ఆపడం ఎలా" అని టైపు చేసి చెప్తుంది.

అయితే నాకు తేడాగా అనిపించేది టెక్నాలజీ కాదు. గృహలక్ష్మిలో మందు అమ్మేవాడే పత్రిక యజమాని అని పాఠకురాలికి తెలుసు. శారద తన ఉత్తరంలో తన అభిప్రాయం తను రాసుకుంది. ఇవాళ ఉత్తరమే ప్రకటన. ఏ వాక్యం తల్లిదో, ఏ వాక్యం కంపెనీ పంపిన పీడీఎఫ్‌దో విడదియ్యలేం. చట్టం వల్ల పాలపొడి జోలికి రాలేరు కాబట్టి డైపర్లు, నూనెలు, రెండేళ్ళు దాటిన పిల్లల డ్రింకులు, యాప్‌లు. ఆ అమ్మలకి కంపెనీ డబ్బిస్తోంది, బాల్యవివాహాల చట్టం లాంటి మాట చెప్పమని మాత్రం ఇవ్వట్లేదు. 2024 ఏప్రిల్లో స్విట్జర్లాండుకి చెందిన పబ్లిక్ ఐ సంస్థ మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో వడ్డనకి సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారని, తమ దేశంలో అమ్మేదాన్లో కలపట్లేదని బయటపెట్టింది. అయిదేళ్ళలో 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ జవాబు. ఆ సంగతి తేల్చింది లాబులో పరీక్ష చేయించిన సంస్థ. పాపకి రోజూ ఏం తినిపిస్తున్నామో వీడియోలు పెట్టే అమ్మల్లో నేను చూసినంతవరకు ఎవరూ ఆ ప్రశ్న ముందు అడగలేదు.

2021లో ప్రకటనల ప్రమాణాల మండలి ఒక నియమం పెట్టింది. డబ్బు తీసుకుని చెప్తే ఆ విషయం పైనే, చూసేవాళ్ళు "ఇంకా చదవండి" నొక్కక్కర్లేకుండా కనపడేట్టు రాయాలి. కొందరు రాస్తున్నారు కూడా. మొన్న గుడివాడలో మా చెల్లి ఫోన్లో అలాంటి వీడియో ఒకటి చూపించింది, పాపకి రాసే నూనె గురించి. పైన "కొలాబ్" అని చక్కగా ఉంది. ఇది ప్రకటన అని తెలుసా అని అడిగాను.

"కొలాబ్ అంటే ఇద్దరు అమ్మలు కలిసి చేశారని కదా అన్నయ్యా?" అంది.