తగినంత ఉప్పు

బాగా వండేవాళ్ళని పొగడటానికి తెలుగులో మనకి రెండే పేర్లున్నాయి: నలుడు, భీముడు. ఇద్దరూ మగవాళ్ళు. ఇద్దరూ రాజ్యం పోగొట్టుకుని, మారువేషంలో, కొన్నాళ్ళపాటు గరిట పట్టుకున్నవాళ్ళు. సంస్కృతంలో 'పాకదర్పణం' నలుడి పేరు మీదే చలామణీ అయింది. పన్నెండో శతాబ్దంలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో రాజుగారి భోజనానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. మూడుపూటలా, బతికినన్నాళ్ళూ వండే ఆడవాళ్ళ పేరుతో మాత్రం ఒక్క పాకమూ లేదు. మహా అయితే 'అమ్మ చేతి వంట' అంటారు. అక్కడ కూడా ఉన్నది వరసే, పేరు కాదు.

ఈ పేరు లేకపోవడం ఎంత లోతుగా ఉందో చూడాలంటే మా ఉత్తరాంధ్రలో దూరం వెళ్ళక్కర్లేదు. 1892లో మొదటిసారి ఆడిన, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' విజయనగరంలో మొదలవుతుంది. అందులో వంటని వృత్తిగా చేసుకుని, ఆ సంపాదనతో తన కాళ్ళ మీద తను నిలబడిన వితంతువు ఉంది. గిరీశాన్ని మేపిందీ ఆవిడే, మోసపోయిందీ ఆవిడే. గురజాడ మధురవాణికి పేరు పెట్టాడు, బుచ్చమ్మకీ మీనాక్షికీ పెట్టాడు. ఈవిడ మాత్రం మొదటినుంచి చివరిదాకా పూటకూళ్ళమ్మే. గురజాడని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. ఊళ్ళో ఆవిణ్ణి ఎలా పిలిచేవారో అలాగే రాశాడు.

అలాంటి భాషలో, ఒక ఆడమనిషి పేరు అట్ట మీద వేసుకుని, 'వంట రానివాళ్ళకోసం' పుస్తకం రావడం చిన్న విషయం కాదు. 1951లో మద్రాసులో మీనాక్షి అమ్మాళ్ తమిళంలో 'సమైత్తుప్పార్' (వండి చూడు) తెచ్చారు. తెలుగులో ఆ స్థానం మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు'ది. ఆవిడా మద్రాసులో స్థిరపడినవారే. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికని దశాబ్దాల పాటు నడిపారు. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. 2013లో పోయారు. సాహిత్యచరిత్రలు ఆవిడ నవలల దగ్గర ఆగుతాయి. కానీ మళ్ళీ మళ్ళీ అచ్చయి, నవలలు కొనని ఇళ్ళలోకి కూడా వెళ్ళింది వంటల పుస్తకమే. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల రచన మీద ఇన్ని పరిశోధనలు జరుగుతున్నా, ఆ పుస్తకాన్ని రచనగా లెక్కపెట్టడానికి మనమే సందేహిస్తాం. ఇంగ్లండులో 1861లో ఇసబెల్లా బీటన్ తెచ్చిన గృహనిర్వహణ గ్రంథం సంగతి వేరు. అందులో చాలా వంటలు వేరేవాళ్ళ దగ్గర తీసుకున్నవే అయినా, దానిమీద సాహిత్యవిమర్శ కావలసినంత ఉంది. మన దేశంలో అర్జున్ అప్పాదురై 1988లోనే వంటపుస్తకాలూ మధ్యతరగతీ జాతీయతా ఎలా కలిసి పెరిగాయో రాశాడు. ఆయన చూసినవి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలు.

వంటపుస్తకం ఎవరికి కావాలి? అమ్మ పక్కన లేనివాళ్ళకి. చదువుకోసం హాస్టలుకి వెళ్ళిన పిల్లకి, భర్త ఉద్యోగంతో భిలాయ్‌కో ఖరగ్‌పూర్‌కో రైలెక్కిన కొత్తకోడలికి. అత్తగారు లేని వేరు కాపురం ఆమెకి భయమూ, ఊపిరీ కూడా. పుస్తకం తిట్టదు. ఉప్పెక్కువైతే పుట్టింటివాళ్ళని ఎత్తిపొడవదు. ఈ ఒక్క కారణానికే ఆ పుస్తకాలమీద నాకు గౌరవం.

అయితే వాటి భాష చూడండి. 'ఉప్పు తగినంత.' ఏమీ రానివాళ్ళకి చెప్పే మాటేనా ఇది? ఎంతో తెలిసినవాళ్ళకి ఆ మాట అవసరం లేదు, తెలియనివాళ్ళకి ఆ మాటవల్ల ప్రయోజనం లేదు. కొలతలు కూడా కుదురుగా లేని కాలం అది. 1958 అక్టోబరులో దేశంలో మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి. ఇళ్ళల్లో మాత్రం గిద్దె, సోల, తవ్వ, మానిక చాలాకాలం కదల్లేదు. పుస్తకం గ్రాముల్లో మాట్లాడితే చేతిలో ఉన్నది సోల.

ఇంకో విషయం. 'పప్పు నానబెట్టుకోవాలి, మెత్తగా రుబ్బుకోవాలి, కూరలు తరుక్కోవాలి, పోపు వేయించుకోవాలి.' తెలుగులో 'కొను' చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్ళకే చెందుతుంది. రాసుకుంది, కొనుక్కుంది, దాచుకుంది. వంటపుస్తకాలనిండా ఈ 'కొను'లే. రుబ్బుకున్న మనిషి తినేది మాత్రం అందరూ తిన్నాక, మిగిలితే. ఇక ఆ 'మెత్తగా రుబ్బుకోవాలి' అన్న రెండు మాటల్లో రుబ్బురోలు దగ్గర గంటసేపటి భుజాల నొప్పి ఉంది. వాక్యానికి కర్త లేదు కాబట్టి నొప్పికీ మనిషి లేదు. విమల 'వంటిల్లు' కవిత మనల్ని కుదిపింది ఈ కర్త కనబడినందుకేనని నాకనిపిస్తుంది.

ఆమదాలవలసలో ఈ పుస్తకాలు ఎవరింట్లో ఉండేవి? స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. వారపత్రికలు బండి దిగేవి. రైల్వే క్వార్టర్లలో, టీచర్ల ఇళ్ళల్లో ఒకటో రెండో కనిపించేవి. చెరుకు తోటల్లోకి, వరి ఊడ్పుల్లోకి వెళ్ళే ఆడవాళ్ళని వంట ఎలా నేర్చుకున్నారని అడిగితే నవ్వుతారు, వంటకి పుస్తకమేటని. 2011 జనాభా లెక్కల్లో కూడా జిల్లా స్త్రీల అక్షరాస్యత సగం దాటి కొద్దిగా పైన, అంతే. పుస్తకం చదివే వీలు లేకపోవడం ఒక సంగతి. చదివినా అందులో తమ తిండి కనపడకపోవడం రెండో సంగతి. మన ప్రామాణిక 'ఆంధ్రవంట' చాలావరకు చదువుకున్న పైకులాల ఇళ్ళది. చోడి అంబలి, ఉల్లిపాయ నంజుకుని తినే గంజన్నం, ఎండు మెత్తళ్ళు, ఉలవలు చాలాకాలం ఆ పేజీల్లోకి రాలేదు. వచ్చినప్పుడు 'ఆరోగ్యానికి మంచిది' అన్న సిఫారసు ఉత్తరంతో వచ్చాయి.

అంబలిని పుస్తకంలోకి ఎక్కించడం సులువేం కాదు. చోడిపిండి రాత్రి కలిపి పెట్టాలి. పొద్దున్న ఎసట్లో నూకలు ఉడికాక పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా తిప్పాలి. ఎంత పులవాలన్నది ఎండనిబట్టి, కుండనిబట్టి. తరవాణి మరీ కష్టం. నిన్నటి కుండలోకి ఇవాళ్టి గంజి పోస్తారు, రేపు మళ్ళీ పోస్తారు. దానికి 'మొదట' అన్నది ఎక్కడ? కుండ ఎవరో ఇవ్వాలి. కనీసం పులిసిన నీళ్ళు ఓ ముంత పొరుగింటినుంచి తెచ్చుకోవాలి.

ఊరి పేరులోనే వలస ఉంది. ఈ రెండు జిల్లాలనుంచి హైదరాబాదు, చెన్నై నిర్మాణపు పనుల్లోకి వెళ్ళే మగవాళ్ళు షెడ్లలో వంతులవారీగా వండుకుంటారు. వాళ్ళకి గురువులు ఫోనులో ఇంటిదగ్గర ఆడవాళ్ళే. పప్పులో నీళ్ళెన్ని, చింతపండు ఎప్పుడు వెయ్యాలి అని రోజూ సాయంత్రం అడిగి వండినవాళ్ళు, సంక్రాంతికి ఇంటికొచ్చాక పొయ్యి దగ్గరికి రారు. నలుడూ భీముడూ కూడా మారువేషం తీసేశాక వండిన దాఖలా లేదు కదా. ఇప్పుడా ఆడవాళ్ళ కూతుళ్ళు యూట్యూబు చూసి వండుతున్నారు. అందులో మా యాస వినిపిస్తుంది, మెత్తళ్ళు కడగడం కనిపిస్తుంది, వండే మనిషి ముఖం కూడా కనిపిస్తుంది. ఉప్పు దగ్గరకి వచ్చేసరికి ఆ అమ్మాయి కూడా 'తగినంత' అనే అంటుంది, కానీ ఆ మాట అంటూ చెయ్యి కెమెరాకి చూపిస్తుంది.