రొయ్య వెనక తాబేలు

ఈ పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి. రొయ్యల చెరువు ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

2023-24లో మన దేశం 7 లక్షల 16 వేల టన్నుల రొయ్యలు బయటి దేశాలకి పంపింది. అందులో దాదాపు 2 లక్షల 97 వేల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి. వీటిలో ఎక్కువ భాగం మన ఆంధ్రా చెరువుల్లో పెరిగినవే. అంటే భీమవరం పక్కన ఒక రైతు పట్టుబడి చేసిన సరుకు ఎక్కడో టెక్సాస్‌లో ఒక ఇంటి ఫ్రిజ్‌లోకి చేరుతోంది. ఆ ఇంటావిడ ప్యాకెట్ తిప్పి చూసి "దీనికోసం ఎవర్నన్నా ఏడిపించారా, దేన్నన్నా చంపారా" అని అడుగుతుంది. అడగడం న్యాయమే, డబ్బులిచ్చి కొనేది ఆవిడ. అయితే ఆ ప్రశ్న అక్కడినుంచి మన గట్టు మీదకి వచ్చేసరికి ఏ రూపంలో ఉంటోంది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? ముప్పై ఏళ్ళకి పైబడ్డ ఆ కథ ఒక తాబేలుతో మొదలైంది.

సముద్రంలో రొయ్యలు పట్టే మరబోట్లు అడుగున వల ఈడ్చుకుంటూ వెళ్తాయి. ఆ వలలో తాబేలు పడితే పైకి రాలేదు. అది చేప కాదు కదా, గాలి పీల్చుకోవాలి. వల నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరాడక చచ్చిపోతుంది. దీనికి అమెరికా వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. వల గొంతు దగ్గర ఒక ఇనప చట్రం ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దాన్నే టెడ్ అంటారు. 1987లో అమెరికా తన బోట్లకే దీన్ని తప్పనిసరి చేస్తూ నియమాలు పెట్టింది.

దానికి అక్కడి జాలర్లు ఊరుకున్నారా? లేదు. ఆ కంతలోంచి తాబేలుతో పాటు రొయ్య కూడా పోతుందని గొడవ చేశారు. 1989 జూలైలో టెక్సాస్, లూసియానా రేవుల్లో బోట్లు అడ్డం పెట్టి దారులు మూసేశారు. మన కాకినాడ బోట్ల వాళ్ళు ఏం అంటారో సరిగ్గా అదే వాళ్ళూ అన్నారు. పైగా ఇంకో మాట కూడా అన్నారు: మాకు ఖర్చు పెట్టి, ఏ చట్రమూ లేని దేశాల రొయ్యని లోపలికి రానిస్తే మేమేం కావాలి? ఆ ఏడాది నవంబరులోనే చట్టం వచ్చింది. అందులో 609వ సెక్షన్ ప్రకారం, తాబేళ్ళకి హాని చేసే పద్ధతుల్లో పట్టిన రొయ్య అమెరికాలోకి రాకూడదు.

కాబట్టి ఈ చట్టం వెనక తాబేలు మీద ప్రేమ ఉన్న పర్యావరణవాదులూ ఉన్నారు, బయటి రొయ్య అంటే ఒళ్ళు మండే అక్కడి బోటు యజమానులూ ఉన్నారు. ఒకరిది నిజమనీ ఇంకొకరిది నాటకమనీ నేననను. ఇద్దరి అవసరమూ ఒకే కాగితం మీద కలిసింది, అంతే. ఇక్కడినుంచి మన దాకా వచ్చిన ప్రతి నియమంలోనూ ఈ రెండూ కలిసే కనిపిస్తాయి, గమనించండి.

మొదట్లో ఈ సెక్షన్‌ని అమెరికా చుట్టుపక్కల కరీబియన్ వైపు 14 దేశాలకే వర్తింపజేశారు. వాళ్ళకి బోట్లు మార్చుకోడానికి మూడేళ్ళ గడువు ఇచ్చారు. నేర్పించడానికి మనుషుల్ని పంపారు, ఒప్పందం కోసం కూర్చుని మాట్లాడారు. తర్వాత ఎర్త్ ఐలాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే పర్యావరణ సంస్థ అక్కడి కోర్టుకెళ్ళింది. చట్టంలో కరీబియన్ అని ఎక్కడుంది, ప్రపంచమంతటికీ వర్తించాలి కదా అని వాదించింది. 1995 డిసెంబరు ఆఖరులో కోర్టు అవునంది. 1996 మే 1 నుంచి అమలన్నారు. లెక్కేసుకోండి, మనకి దక్కింది నాలుగు నెలలు. వాళ్ళకి మూడేళ్ళు, మనకి నాలుగు నెలలు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత కేసంతా దీని మీదే నిలబడింది.

భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్ళాయి. 1998 మేలో మొదటి తీర్పు మన పక్షాన వచ్చింది. అమెరికా అప్పీలుకి వెళ్ళింది. 1998 అక్టోబరు 12న అప్పీలు తీర్పు వచ్చింది. "రొయ్యల కేసు మనం గెలిచాం" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. గెలిచింది సగమే. తాబేళ్ళని కాపాడ్డానికి దిగుమతి ఆపే హక్కు సూత్రంగా ఉంది అని అప్పీలు వాళ్ళు ఒప్పుకున్నారు. తప్పు పట్టింది అమలు చేసిన తీరుని. కొందరితో కూర్చుని మాట్లాడి ఇంకొందరితో మాట్లాడకపోవడం ఒక తప్పు. ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి నాలుగు నెలలు ఇవ్వడం రెండో తప్పు. ఇక సర్టిఫికెట్ ఇవ్వం అన్నప్పుడు అవతలి దేశం మాట వినే పద్ధతి లేదు, కారణం రాతపూర్వకంగా ఇవ్వరు, మళ్ళీ చూడమని అడుక్కునే చోటు లేదు. ఇవన్నీ అన్యాయమని తేల్చారు.

అమెరికా ఏం చేసింది? 1999లో నియమాలు సవరించింది, చర్చలకి పిలిచింది, నిషేధం మాత్రం అలాగే ఉంచింది. ఇది చాలదని మలేషియా మళ్ళీ కేసు వేస్తే 2001లో ఓడిపోయింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మనం దాచుకోదగ్గ ఆస్తి ఆ 1998 తీర్పే. ప్రశ్న అడగొచ్చు, కానీ అడిగే ముందు ఎదుటివాణ్ణి పిలిచి వినాలి, టైమివ్వాలి అని అంత పెద్ద చోట రాసి పెట్టారు.

టైము ఇవ్వకపోతే ఏమవుతుందో చూడాలంటే బంగ్లాదేశ్ వైపు చూడండి. పిల్లల చేత కుట్టించిన బట్టలు అమెరికాలోకి రాకూడదని 1990ల మొదట్లో టామ్ హార్కిన్ అనే సెనేటర్ బిల్లు పెట్టాడు. ఆ బిల్లు చట్టం కానే లేదు. పేరు వినగానే ఢాకా ఫ్యాక్టరీల వాళ్ళు బెదిరిపోయి పిల్లల్ని రాత్రికి రాత్రి బయటికి పంపేశారు. దాదాపు 50 వేల మంది అని యునిసెఫ్ రాసింది. ఆ పిల్లలు బడికి వెళ్ళలేదు. రాళ్ళు కొట్టే పనికీ, ఇంతకంటే ఘోరమైన పనులకీ పోయారు. తర్వాత 1995లో ఫ్యాక్టరీల సంఘం, యునిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒప్పందం చేసుకుని, ముందు బడి, ఆ తర్వాతే పని మాన్పించడం అన్న వరస పెట్టాయి. కొనేవాడి మనసు మంచిదే, కానీ మధ్యలో ఎవరూ కూర్చుని మాట్లాడకపోతే ఆ మంచితనం పిల్లల మీద రాయిలా పడింది.

సరే, మన చెరువుల దగ్గరికి వద్దాం. ఆ తాబేలు చట్టంలో మనకి పనికొచ్చిన సందు ఒకటుంది. పట్టుబడికి ముందు కనీసం 30 రోజులు చెరువులో పెరిగిన రొయ్యకి ఈ నిషేధం లేదు. చెరువులో తాబేలు ఉండదు కదా. దాంతో సముద్రపు రొయ్యకి తలుపు మూసుకున్నా చెరువు రొయ్యకి తెరిచే ఉంది. ఒక ఫారం నింపితే చాలు. మన చెరువులు ఈ చట్టం వల్లే వచ్చాయని అనను, నెల్లూరులో టైగర్ రొయ్య జోరు 1990ల మొదట్లోనే ఉంది. కానీ తాబేలుని కాపాడాలన్న తపన చెరువుల గురించి అప్పట్లో ఏమీ అడగలేదు.

అడిగింది మనవాళ్ళే. నెల్లూరు నుంచి నాగపట్నం దాకా తీరం వెంట బావులు ఉప్పెక్కాయి, వరి చేలు పాడయ్యాయి. జాలర్లకి సముద్రానికి పోయే దారి మూసుకుపోయింది. 1994 ఆఖరులో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడాదే సర్వోదయ నాయకుడు జగన్నాథన్ సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో, సంప్రదాయ పద్ధతి కాని చెరువులన్నీ పీకేయాలి, పనిపోయిన కూలీలకి పరిహారం ఇవ్వాలి అని ఆ తీర్పు సారాంశం. చూశారా, ఒకే ఏడాది మేలో అమెరికా నుంచి తాబేలు ప్రశ్న, డిసెంబరులో మన కోర్టు నుంచి తాగునీటి ప్రశ్న. మొదటిదాని మీద పోట్లాడ్డానికి ప్రభుత్వం జెనీవా దాకా వెళ్ళింది. రెండోది రివ్యూ పిటిషన్లతో ఆగిపోయింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టి చెరువుల్ని నిలబెట్టారు. చెరువు మీద బతికే లక్షల కుటుంబాలకి అది ఊపిరే, కాదనను. కానీ ఉప్పునీటి బావికి మాత్రం ఆ రోజు జవాబు దొరకలేదు.

మధ్యలో ఇంకో ముచ్చట. తాబేలు పేరుతో సరుకు ఆగకపోయేసరికి అమెరికా జాలర్లు ధర పేరుతో వెళ్ళారు. 2003 ఆఖరున డంపింగ్ కేసు పెట్టారు. 2005 ఫిబ్రవరిలో మన రొయ్యల మీద సుమారు 10 శాతం అదనపు సుంకం పడింది. పక్షం అదే, ఆయుధం మారింది.

తర్వాత వంతు మందులది. 2002 ప్రాంతంలో యూరప్ వాళ్ళు రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్స్ వెతకడం మొదలుపెట్టారు. వందకోట్ల పాళ్ళలో ఒక పాలు కన్నా తక్కువున్నా పట్టేసే మిషన్లు వచ్చాయి. 2016లో అయితే మన చెరువు సరుకులో వందకి పది కంటెయినర్లు పరీక్షించే చోట యాభై చేశారు. ఇందులో అన్యాయం ఏముంది, మనం తినే దాంట్లో మందు ఉంటే మనం ఒప్పుకుంటామా? ఎంపెడా ల్యాబులు పెట్టి, పట్టుబడికి ముందే నమూనా పరీక్ష చేయించే పద్ధతి తెచ్చింది. అది మంచి పని. చిక్కల్లా ఎక్కడంటే, కంటెయినర్ ఒకటి వెనక్కొస్తే మందు వేసినవాడికీ వేయనివాడికీ కౌంట్ ధర ఒకేసారి పడిపోతుంది. మంచిగా పెంచినవాడికి వేరే ధర లేదు.

ఆ లోటు తీర్చడానికే అన్నట్టు సర్టిఫికెట్లు వచ్చాయి, బ్యాప్ అనీ ఏఎస్‌సీ అనీ. ప్లాంటు, చెరువు, హేచరీ, మేత మిల్లు అన్నీ పాసైతే నాలుగు నక్షత్రాలు. చదవడానికి బావుంటుంది. కానీ ఆడిట్‌కి వచ్చేవాడి ఫీజు, ప్రయాణం ఖర్చు చెరువు సైజుని బట్టి తగ్గవు. రెండెకరాల వాడికీ రెండొందల ఎకరాల వాడికీ కాగితాలు ఒకటే. మేత లెక్క, నీటి లెక్క, పిల్ల ఎక్కడ కొన్నాడో బిల్లు, అన్నీ ఉండాలి. కౌలు చెరువు చేసేవాడి దగ్గర కౌలు కాగితమే ఉండదు, ఇవెక్కడ తెస్తాడు? పెద్ద కంపెనీ సొంత చెరువులకి సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది, చిన్నవాడి సరుకు ఏజెంటు చేతిలో కలిసిపోతుంది.

దీనికి విరుగుడు మన దగ్గరే పుట్టింది, అది చాలామందికి తెలీదు. 2000ల మొదట్లో మొగల్తూరులో కొద్దిమంది చిన్న రైతులు ఎంపెడా సాయంతో గుంపుగా చేరారు. ఒకే కాలవ నీళ్ళు వాడేవాళ్ళంతా ఒకేసారి పిల్ల వదలడం, పరీక్ష చేయించిన పిల్లే తేవడం, జబ్బొస్తే దాచకుండా చెప్పుకోవడం, నీళ్ళు కాలవలోకి వదిలే ముందు పక్కవాడికి చెప్పడం అని కట్టుబాటు పెట్టుకున్నారు. అది నిలబడింది. 2007లో దాన్నే విస్తరించడానికి కాకినాడలో నాక్సా అనే సంస్థ పెట్టారు. పది చెరువులకి పది ఆడిట్లు కాకుండా ఒక సొసైటీకి ఒకటి అయితే ఖర్చు పంచుకోవచ్చు, లెక్కలు రాయడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకోవచ్చు. ధర దగ్గర కూడా ఒక్కడి గొంతు కన్నా ఇరవై మంది గొంతు వినపడుతుంది.

అదే మొగల్తూరు దగ్గర 2017 మార్చి 30న ఒక రొయ్యల ప్లాంటులో ఐదుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లోనే తుందుర్రులో ఆక్వా పార్కు వద్దని, గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని జనం రోడ్డెక్కారు, కేసులు పెట్టించుకున్నారు. ఇవి మన జిల్లాలో మనవాళ్ళు అడిగిన ప్రశ్నలు. నాలుగు రోజులు పేపర్లో వచ్చి చల్లారాయి. 2024 మార్చిలో అమెరికాకి చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రొయ్యల రంగం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. పీలింగ్ షెడ్లలో ఆడవాళ్ళ పని, ఇరుకు గదుల్లో వలస కూలీలు, అప్పుల కట్లు, ఉప్పెక్కిన నేలలు అన్నీ అందులో ఉన్నాయి. అప్పుడు ఢిల్లీ కదిలింది, ఎగుమతిదారుల సంఘం ఖండించింది. సెప్టెంబరులో అమెరికా కార్మిక శాఖ నిర్బంధ శ్రమ ఉన్న సరుకుల జాబితాలో మన రొయ్యని చేర్చింది. ఆ నివేదికలోనే ఉన్న ఇంకో మాటని మాత్రం మనవాళ్ళు ఎవరూ ఎత్తలేదు. అమెరికా సూపర్ మార్కెట్లు చౌకగా కావాలని నొక్కుతుంటే, ఆ ఒత్తిడి మెట్లు దిగి కూలీ మీదా రైతు మీదా పడుతోందని అందులో రాశారు. మన ఎగుమతిదారులు గట్టిగా పట్టుకోవాల్సిన పేజీ అది. రెండు డాలర్లు తగ్గించమని అడిగేవాడే నాలుగు నక్షత్రాలు కూడా అడుగుతుంటే, ఆ నక్షత్రాల బిల్లు ఎవరు కట్టాలో అతన్నే అడగాలి కదా!

ఇక తాబేలు సంగతి. 2019 నుంచి మన సముద్రపు రొయ్య అమెరికాకి పోవడం మళ్ళీ ఆగిపోయింది, బోట్లలో టెడ్ సరిగ్గా వాడటం లేదన్నది కారణం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అమెరికా వాళ్ళతో కూర్చుని కొత్త రకం చట్రం తయారు చేసింది. 1996లో జరగాల్సిన మాటలు ఇప్పుడు జరుగుతున్నాయి. ఈలోగా ప్రతి ఏడాదీ సంక్రాంతి రోజుల్లో, ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలంలో, కాకినాడ తీరంలోనూ అంతర్వేది వైపూ చచ్చిన తాబేళ్ళు ఇసకలోకి కొట్టుకొస్తూనే ఉన్నాయి.

ఉప్పాడ, కాకినాడ, విశాఖ బోట్ల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, కొత్త చట్రం మీ వలలో పెట్టి చూశారా, పట్టులో ఎంత తేడా వచ్చిందో కింద రాయండి. మొగల్తూరు సొసైటీ మొదటి రోజుల్లో ఉన్న పెద్దలు ఎవరైనా ఉంటే, మీ కట్టుబాట్లు ఎలా నిలబెట్టుకున్నారో చెప్పండి, వచ్చే పోస్టు దాని మీదే రాస్తాను.