అడవిలోకి పోనీకి బీరువా దేనికన్నా?

మన చరిత్ర ముచ్చట్లలో ఈ ఎపిసోడ్ ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలవుతుంది.

పినపాక వైపు వెళ్ళినప్పుడు, ఏడూళ్ళ బయ్యారం క్రాస్ రోడ్డు దగ్గర టీ తాగుతూ కూర్చున్నా. పక్కన ఒక బాబు ఫోన్‌లో సినిమా చూస్తున్నాడు. ఐదో తరగతి ఉంటుందేమో. అందులో ఒక పాప బీరువా తలుపు తీసి, వేలాడుతున్న కోట్లను పక్కకు నెట్టుకుంటూ లోపలికి పోతుంది. అటు పక్క మంచు, చెట్లు, మాట్లాడే జంతువులు. అదేనండీ, నార్నియా. బాబు కాసేపు చూసి నా వైపు తిరిగి అడిగాడు: "అడవిలోకి పోనీకి బీరువా దేనికన్నా? మా ఇంటెనకే ఉంది గదా!"

నేను నవ్వేశాను. కానీ ఆ రోజు రాత్రి బస్సులో కూర్చున్నాక ఆ ప్రశ్న వదల్లేదు. నిజమే కదా. మామూలు పిల్ల, ఒక తలుపు, అవతల మాయాలోకం... ఈ కథ మనందరికీ ఇష్టం. అయితే ఆ తలుపు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఎవరు? ఎవరి ఇల్లు "ఇవతల", ఎవరి ఇల్లు "అవతల"? ఈరోజు మన ముచ్చట ఇదే.

ముందు ఈ కథల లెక్క చూద్దాం. 1865లో ఆలిస్ కుందేలు వెనకాల బొరియలో పడింది. 1950లో సి.ఎస్. లూయిస్ పిల్లలు బీరువాలోంచి నార్నియాకు పోయారు. 1997లో హ్యారీ పాటర్ రైల్వే స్టేషన్‌లో గోడలోకి దూసుకుపోయాడు. దారులు వేరైనా నడక ఒకటే. పిల్ల ఇంట్లోంచి బయలుదేరుతుంది, వింతలోకం చూస్తుంది, చాలాసార్లు మళ్ళీ ఇల్లు చేరుతుంది. ఇల్లు మామూలు చోటు, అడవి మాయ చోటు.

మన తెలుగులో లేవా ఇలాంటివి? ఎందుకు లేవు! బాలనాగమ్మ కథే తీసుకోండి. మాయల మరాఠీ బాలనాగమ్మను ఎత్తుకుపోతాడు. వెతకబోయిన భర్త కార్యవర్ధి రాజును, అతని సైన్యాన్ని రాళ్ళను చేసేస్తాడు. పెద్దవాళ్ళు చేతులెత్తేసిన చోటికి బయలుదేరింది ఎవరు? ఊయలలో తల్లికి దూరమైన కొడుకు బాలవర్ధి. మాంత్రికుడి గడ్డకు మారువేషంలో పోతాడు, తల్లిని కలుస్తాడు. మరాఠీ ప్రాణం ఎక్కడుందో తల్లి నేర్పుగా రాబడుతుంది. ఏడు సముద్రాల అవతల, ఒక చిలకలో! పిల్లవాడు ఆ చిలకను తెస్తాడు. ఊళ్ళలో బుర్రకథగా, వీధి నాటకంగా జనం తెల్లవార్లూ విన్న కథ ఇది. 1942లో జెమినీ వాసన్ నిర్మాణంలో, సి. పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. బాలనాగమ్మగా కాంచనమాల, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. మీ తాతమ్మల కాలంలో పిల్లల్ని భయపెట్టడానికి మరాఠీ పేరు చెబితే చాలు.

తర్వాత 1951లో 'పాతాళ భైరవి'. రాకుమారుడు కాదు, తోటమాలి కొడుకు తోట రాముడు. మాంత్రికుడి వెంట గుహలోకి పోతాడు. అంతకు ముందే 1947 జూలైలో మద్రాసులో 'చందమామ' మొదలైంది. 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ అందులో రెండు దశాబ్దాలకు పైగా పిల్లల్ని అడవుల్లో, లోయల్లో, శిథిల దుర్గాల్లో తిప్పాయి. నెల నెలా పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో ఎదురుచూసిన తరం అది.

ఇవన్నీ నాకు చాలా ఇష్టమైన కథలు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. కానీ ఒక్క విషయం గమనించండి. వీటిలో చాలా కథలకు అడవి అంటే ఊరు అయిపోయిన తర్వాత వచ్చే చోటు. అక్కడ మాంత్రికులుంటారు, రాక్షసులుంటారు, ఆకులు కట్టుకున్న "అడవి మనుషులు" ఉంటారు. వాళ్ళకు పేర్లు తక్కువ, కేకలు ఎక్కువ. వాళ్ళ పని హీరోను అడ్డగించడం, లేదా దారి చూపించడం. సాయంత్రం వాళ్ళు ఇంటికి పోయి ఏం వండుకుంటారు, వాళ్ళ పిల్లలకు ఏం కథ చెబుతారు అన్నది కథకు అక్కర్లేదు. రాసినవాళ్ళు ఊళ్ళలో, పట్నాల్లో ఉన్నవాళ్ళు కాబట్టి తలుపు అటువైపు తెరుచుకుంది. అంతే.

మరి అడవిలోనే ఉన్నవాళ్ళు కథ చెబితే తలుపు ఎటు తెరుచుకుంటుంది?

ఇప్పుడు పినపాకకు వద్దాం. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క గోదావరి. ఇంకో పక్క మణుగూరు బొగ్గు గనులు. పైకి పోతే మంగపేట, ఏటూరునాగారం. లోపలికి పోతే కరకగూడెం, గుండాల, తాడ్వాయి అడవులు. ఇది కోయల నేల.

ఈ పినపాక మండలంలోనే జానంపేట ఉంది. అక్కడ పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన కట్టడాలు కనిపిస్తాయి. కొన్నింటి లోపల తొట్టిలా తొలిచిన రాయి ఉంటుంది. జనం వీటిని రాక్షస గుళ్ళు అంటారు. ఎందుకంటే అంత బండను మనుషులు ఎత్తుతారా అని! చిన్నపిల్లలు వాటి ముందు నిలబడితే నిజంగా వేరే లోకానికి గుమ్మంలాగే ఉంటాయి.

చరిత్ర ఏం చెబుతుంది? అవి సమాధులు. ఇనుప యుగం నాటివి, రెండు వేల ఏళ్ళకు పైబడినవి. తాడ్వాయి అడవుల్లో దామరవాయి దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయి. కట్టింది రాక్షసులు కాదు, మనలాంటి మనుషులే. చనిపోయిన తమవాళ్ళ కోసం బండలు మోసుకొచ్చిన మనుషులు. నాకైతే ఇది రాక్షసుల కథ కంటే పెద్ద అద్భుతం అనిపిస్తుంది. కట్టినవాళ్ళ పేర్లు మర్చిపోతే ఏమవుతుందో చూశారా? మనుషులు రాక్షసులైపోతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు అసలు కథ. సమ్మక్క. ముందే ఒక మాట: లక్షల మందికి సమ్మక్క తల్లి, దేవత. ఇది ఫాంటసీ అని నేను అనట్లేదు. ఒక పిల్ల, ఒక వింతలోకం అనే కథ ఆకారం ఇక్కడ ఎలా ఉందో మాత్రమే చూస్తున్నాం.

ఎక్కువమందికి తెలిసిన కథ ఇలా ఉంటుంది. కోయ దొరలు వేటకు పోతారు. అడవిలో పులుల మధ్య ఒక పసిపాప ఆడుకుంటూ కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి పెంచుకుంటారు. ఆమె చెయ్యి తగిలితే రోగాలు తగ్గుతాయంటారు. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడుతుంది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుడతారు. కరువు వస్తుంది. పంటలే లేవు, కప్పం ఎలా కడతాం అంటారు. కాకతీయ సైన్యం వస్తుంది. ఒక్కొక్కరే పడిపోతారు. జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగు అవుతుంది. చివరికి గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమవుతుంది. వెతికినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరుకుతుంది.

గమనించారా? ఇక్కడ దారి తిరగబడింది. ఆలిస్ ఇంట్లోంచి వింతలోకంలోకి పోయింది. సమ్మక్క వింతలోకంలోంచి మన ఇంట్లోకి వచ్చింది. ఆఖరికి తిరిగి పోయింది కూడా అడవికే. అడవే ఇల్లు. రాజ్యం, కప్పం, సైన్యం... ఇవే బయటి నుంచి వచ్చిన వింతలు. రుడ్‌యార్డ్ కిప్లింగ్ 1894లో మోగ్లీని తోడేళ్ళ మధ్య పెంచాడు, కానీ చివరికి "నువ్వు మనిషివి, మనుషుల్లోకి పో" అనే దారిలోకే నడిపించాడు. సమ్మక్క కథలో అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో కోయ వడ్డెలే చిలకలగుట్ట ఎక్కి, ఆమెను కుంకుమ భరిణె రూపంలో గద్దెకు తీసుకొస్తారు. జాతర అయ్యాక తల్లి మళ్ళీ వనప్రవేశం చేస్తుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఇంకో మెలిక ఉంది.

పులుల మధ్య దొరికిన పాప అనగానే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. పుస్తకాల్లో, పాటల్లో, సినిమాల్లో అదే తిరిగింది. అయితే తాడ్వాయి మండలం బయ్యక్కపేటకు పోయి అడగండి. అక్కడి చందా వంశం వాళ్ళు సమ్మక్క మా ఆడబిడ్డ అంటారు. అంటే ఎవరికీ చెందని పాప కాదు. ఆమెకు పుట్టిల్లు ఉంది, ఇంటిపేరు ఉంది, చుట్టాలున్నారు.

దీంట్లో పెద్ద తేడా ఏముంది అంటారా? చాలా ఉంది. ఫాంటసీ కథకు అనాథ పిల్ల సులువు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరైనా తమదని చెప్పుకోవచ్చు. కోయల కథకు అలా కుదరదు. అక్కడ ప్రతి మనిషికీ గట్టు ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరు ఎవరికి పిల్లనివ్వచ్చు, ఏ వేల్పు ఎవరిది... అన్నీ దాంట్లోనే ఉంటాయి. సమ్మక్క ఎక్కడి నుంచో ఊడిపడిందంటే ఆ లెక్క మొత్తంలో ఆమెకు చోటు పోతుంది.

ఈ లెక్క ఎక్కడ రాసి ఉంది? కాగితం మీద కాదు. డోలీల గొంతులో ఉంది. డోలీలంటే కోయల కథలు, వంశాలు మోసే గాయకులు. పండుగకు పడిగె విప్పుతారు. పడిగె అంటే బొమ్మలు వేసిన జెండా లాంటి గుడ్డ. దాని మీద ఆ గట్టు పూర్వీకులు, జంతువులు, యుద్ధాలు ఉంటాయి. ఆ బొమ్మలు చూపిస్తూ, వాయిద్యాలు మోగుతుంటే కథ పాడతారు. మన రీల్స్‌కు వెనకాల మ్యూజిక్ ఉన్నట్టే అనుకోండి, కాకపోతే ఇది రాత్రంతా నడుస్తుంది. పైగా ఒక్క పేరు తప్పినా కూర్చున్న పెద్దవాళ్ళు ఊరుకోరు.

అలా పాడినవారిలో ఒక పెద్దాయన పినపాక పక్కనే ఉండేవారు. మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు. కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. చదువుకోలేదు. వంశాల కథలన్నీ నోటికే. కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడగలిగేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు డోలీల కథలను సేకరించబట్టి కొంతైనా అచ్చులోకి వచ్చింది. 2024 జూన్‌లో రామచంద్రయ్య గారు కన్నుమూశారు.

ఒక డోలీ పోతే ఒక పాట మాత్రమే పోదు. ఆ పడిగె మీద ఉన్న బొమ్మ ఎవరిదో చెప్పే గొంతు పోతుంది. గుడ్డ మిగులుతుంది, పేర్లు పోతాయి. జానంపేటలో జరిగింది ఇదే కదా! బండలు మిగిలాయి, పేర్లు పోయాయి, కట్టిన మనుషులు రాక్షసులయ్యారు. రెండు వేల ఏళ్ళ క్రితం ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. మన చేతిలో ఉంది.

అందుకే ఈ ఎపిసోడ్ చూస్తున్న మీలో ఎవరిదైనా ఆ ప్రాంతమైతే ఒక చిన్న పని చెయ్యండి. ఈసారి పండుగకు ఇంటికి పోయినప్పుడు మీ తాతనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి ఒక కథ చెప్పించండి. ముందు అడగండి, ఇది రికార్డు చెయ్యొచ్చా అని. కొన్ని వేల్పుల కథలు బయట పెట్టకూడదంటారు, ఆ మాటకు విలువివ్వండి. సరే అంటే మధ్యలో ఆపకుండా మొత్తం రికార్డు చెయ్యండి. ముప్పై సెకన్ల ముక్క చెయ్యకండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, ఏ భాషలో చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది చివర్లో మీ గొంతుతోనే చెప్పండి. కోయ భాషలో చెబితే అలాగే ఉంచండి, తెలుగు చెయ్యమని తొందరపెట్టకండి. చరిత్రకారులు చేసే పనిలో సగం ఇదే.

ఇక ఆ బాబు ప్రశ్న. ఆ రోజు సమాధానం చెప్పలేకపోయాను తమ్ముడూ, ఇప్పుడు చెబుతున్నా. బీరువా అవసరమైంది అడవి ఇంట్లో లేనివాళ్ళకు. నీకు అక్కర్లేదు. మీ ఇంటెనకే ఉన్న అడవికి కథ ఉంది. అది చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. నువ్వు పోయి అడగాలి, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.