జడ్డిగం మీది చెయ్యి

చరిత్ర పుస్తకాల్లో దేవరుప్పుల ప్రాంతం తుపాకి మోతతో మొదలవుతుంది. ఈ మండలంలోని కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. పక్కనున్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట మీదికి దొర మనుషులు వస్తే, సంఘం అండతో ఆమె ఆ పంటను తన ఇంటికే చేర్చుకుంది. ఈ రెండు కథలూ మనకు కంఠతా వచ్చు. వాటిలో భూమి ఉంది, పంట ఉంది, కోత ఉంది. విత్తడం మాత్రం లేదు. గింజ నేలలో దానంతటదే పడ్డట్టు చరిత్ర నేరుగా కోత దగ్గరికి వెళ్ళిపోతుంది.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ మాటలనే చరిత్రగా నిలబెట్టిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన దాన్ని 1986లో తెచ్చింది. మౌఖిక చరిత్ర అంటే ఏమిటో నా తరం పరిశోధకులం చాలామందిమి ఆ పుస్తకం దగ్గరే నేర్చుకున్నాం. ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు నడిచి, చాలా చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్న అడగాలనిపిస్తోంది. ఈ చెలకల్లో విత్తనం వేసిన చెయ్యి ఎవరిది? ఆ పని ఆ చేతిలోంచి ఎప్పుడు, ఎట్లా పోయింది? ఇందుకు నేను తీసుకున్నది మక్క పంట. పుస్తకాల్లో మొక్కజొన్న, మా నోట మక్కలు.

ముందు గొర్రు సంగతి. గొర్రుకు మూడో నాలుగో పళ్ళు, ఒక్కోదానికి ఒక వెదురు గొట్టం, గొట్టాలన్నీ పైన ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి. ఆ గిన్నె పేరు జడ్డిగం. ఎడ్లను తోలేది మగవాడు. పక్కనే నడుస్తూ జడ్డిగంలోకి గింజలు వదిలేది ఆడమనిషి. ఒడిలో విత్తనం, పిడికిట్లోంచి వేళ్ళ సందున జారే గింజ. ఎడ్లు నడక పెంచితే చెయ్యీ నడక పెంచాలి. మలుపు దగ్గర పిడికిలి మూసుకోవాలి. అన్ని గొట్టాలకూ గింజ సమంగా అందాలి. తప్పు జరిగితే దాచడానికి వీల్లేదు. మొలక వచ్చాక చేనులో ఖాళీలన్నీ బాటన పోయేవాళ్ళకు కూడా కనిపిస్తాయి.

మక్కలకు సాళ్ళ ఎడం ఎక్కువ, గింజ పెద్దది. అందుకని నాగటి సాలు వెంట నడుస్తూ ఒక్కో గింజ వేసేవాళ్ళు. లేదా నిలువునా అడ్డంగా అచ్చు తోలి, గీతలు కలిసిన చోటల్లా వంగి గింజ పెట్టేవాళ్ళు. వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫారసు ప్రకారం సాలుకీ సాలుకీ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ మధ్య 20 సెంటీమీటర్లు ఉండాలి, ఎకరాకు 8 కిలోల విత్తనం పడుతుంది. లెక్క వేస్తే ఎకరాకు సుమారు 33,000 మొక్కలు. అంటే అన్నిసార్లు వేళ్ళు విప్పడం. 20 సెంటీమీటర్లంటే ఇంచుమించు జానెడు. ఆ కొలతను స్త్రీలు స్కేలుతో కాక చేత్తో, అడుగుతో కొలిచారు. దీన్ని మనం నైపుణ్యం అనలేదు, కూలి పని అన్నాం.

ఎందుకు అనలేదు? నాగలి మేడి ఆడది పట్టరాదన్న కట్టుబాటు మన పల్లెల్లో బలమైనది. నాగలి పట్టినవాడే రైతు అయ్యాడు, వెంట నడిచి విత్తినామె రైతు పెళ్ళామో కూలిమనిషో అయింది. నాగలితో చేసే సేద్యంలో పని మగవాళ్ళ చేతుల్లోకి జరుగుతుందని ఎస్తర్ బోసెరప్ 1970లో రాసింది. మన దగ్గర అది పూర్తిగా జరగలేదు కూడా. పని స్త్రీ చేతుల్లోనే ఉండిపోయింది, పేరు మాత్రమే మగవాడికి పోయింది. ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదాన్నే చూడండి. దున్నే‘వాడు’. పోరాటం నుంచి పుట్టిన ఎంతో న్యాయమైన నినాదంలో కూడా వ్యాకరణం ఆమెకు చోటివ్వలేదు. విత్తేదాని భూమి గురించి ఏ గోడ మీదా ఎవరూ రాయలేదు.

మక్కల చరిత్రలో ఈ విషయం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే ఈ పంట పుట్టిన అమెరికా ఖండంలో చాలా తెగలకు ఇది స్త్రీల పంట. ఉత్తర డకోటాలోని హిదాత్సా తెగకు చెందిన బఫెలో బర్డ్ ఉమన్ అనే వృద్ధురాలు తమ సేద్యం గురించి చెప్పిన మాటలను గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడు 1917లో పుస్తకంగా అచ్చువేశాడు. చేను చదును చేయడం, కుదుళ్ళు చేసి గింజ నాటడం, విత్తనపు కంకులు ఏరి దాచడం అంతా ఆడవాళ్ళ పనే. అడవి గూస్‌బెర్రీ పొదల ఆకులను చూసి విత్తే అదును తెలుసుకునేవాళ్ళమని ఆమె చెప్పింది. మిరుగు చూసి అదును లెక్కబెట్టిన మన అవ్వలు ఆమెకు దూరపు చుట్టాలేమీ కారు.

అదే నేల మీద తెల్లవాళ్ళ సేద్యం పెరిగాక మక్కలు విత్తే పని యంత్రానికి పోయింది. ఇల్లినాయ్‌లో జార్జ్ బ్రౌన్ 1853లో పేటెంట్ తీసుకున్న యంత్రం గుర్రాలు లాగేది. దాని మీద కూర్చుని మీట కదిపి గింజలు రాల్చడానికి ఒక పిల్లవాడు కావాలి. అంటే యంత్రం వచ్చినా రెండో మనిషి ఉన్నాడు. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ సాళ్ళ పంటల కోసం ఫార్మాల్ ట్రాక్టర్‌ను తెచ్చింది. 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి హ్యారీ ఫెర్గూసన్ తెచ్చిన ట్రాక్టర్‌కు వెనక మూడు చోట్ల పనిముట్టును బిగించి, కూర్చున్న చోటినుంచే లేపే, దించే ఏర్పాటు ఉంది. వెనక ఈడ్చుకొచ్చే పనిముట్టు ట్రాక్టర్ శరీరంలో భాగమైపోయింది. ఇక తోలడానికీ విత్తడానికీ ఒక్క మనిషి చాలు.

ఇక్కడే మన కథ ఉందని నాకనిపిస్తుంది. ట్రాక్టర్‌కు బిగించిన ప్లాంటర్ తగ్గించేది ఆ రెండో మనిషిని. అమెరికాలో ఆ రెండో మనిషి ఒక పిల్లవాడు. మన చేలలో ఆ రెండో మనిషి స్త్రీ.

మన దేశంలో ఐషర్ ట్రాక్టర్ తయారీ 1959లో మొదలైంది. మద్రాసులో టాఫే 1960లో ఏర్పడి మాస్సీ ఫెర్గూసన్ బండ్లను తెచ్చింది. ఆ రెండో పేరు ఇందాక చెప్పుకున్న ఫెర్గూసన్‌దే. మహీంద్రా 1963లో జట్టు కట్టింది ఆ ఫార్మాల్ కంపెనీతోనే. అందులోంచి వచ్చిందే బి-275. అమెరికాలో పాత ఫార్మాల్‌లను, ఫెర్గూసన్‌లను రంగులేసి, సరదాకి వాటితోనే మక్కలు విత్తుకునేవాళ్ళు ఉన్నారు. బండి నమూనా, సంవత్సరం, చక్రం సైజు వాళ్ళకు నోటికి వచ్చు. మా వైపు పాత మాస్సీ, పాత మహీంద్రా ముచ్చటకు కాక కిరాయికి తిరిగాయి. అయినా ముచ్చట లేకపోలేదు. ఊళ్ళోకి మొదటి ట్రాక్టర్ ఎవరు తెచ్చారని అడిగితే మగవాళ్ళు ఇంటిపేరుతో సహా చెబుతారు. ఊళ్ళో చివరిసారి చేత్తో మక్కలు ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ గుర్తుండదు.

అయితే చేతిలోంచి పని జారింది ప్లాంటర్ వచ్చిన రోజున కాదు. అంతకుముందే విత్తనం జారిపోయింది. 1961లో దేశంలో మొదటి హైబ్రిడ్ మక్క రకాలు విడుదలయ్యాయి. గంగ-1, గంగ-101, రంజిత్‌లతోపాటు నాలుగోదాని పేరు దక్కన్. అంతకుముందు మంచి కంకులు ఏరి, పొట్టు వెనక్కి తీసి జడలల్లి, పొయ్యి పొగ తగిలేచోట దూలానికి వేలాడగట్టి దాచేది ఇంటి ఆడది. హైబ్రిడ్ గింజను దాచి మళ్ళీ వేస్తే అదే దిగుబడి రాదు, ఏటా కొనాల్సిందే. కొనేది దుకాణంలో, దుకాణానికి పోయేది మగవాడు. ఆ సంచిలో గింజలు ఒకే సైజుకు జల్లెడ పట్టి ఉంటాయి. ప్లాంటర్‌కు కావాల్సింది సరిగ్గా అదే. దాని డబ్బాలో చుట్టూ గుంటలున్న పళ్ళెం ఒకటి, నేల మీద దొర్లే చక్రంతో పాటు తిరుగుతుంది. గుంటకొక గింజ ఎక్కి గొట్టంలోకి రాలుతుంది. గింజ పెద్దదైతే గుంటలో పట్టదు, చిన్నదైతే రెండేసి పడతాయి. ఆ పళ్ళెం చేసే పని వేళ్ళు చేసిన పనే. తేడా ఏమంటే వేళ్ళు ఏ సైజు గింజనైనా ఎరుగుతాయి.

ఇదంతా పాతరోజుల మీద బెంగతో రాయడం లేదు. నేను మాట్లాడిన పెద్దవయసు స్త్రీలలో ఒక్కరు కూడా ఆ వంగిన నడుముల రోజులు మళ్ళీ రావాలని కోరలేదు. నడుము నొప్పి తప్పిందన్నారు. వెంటనే కూలి కూడా తప్పిందన్నారు. విత్తే రోజుల కూలి పోయాక కలుపు మిగిలింది. అట్రజిన్ లాంటి మందులు వచ్చాక కలుపులోనూ సగం పోయింది. యంత్రం మంచిదా చెడ్డదా అన్నది వాళ్ళ ప్రశ్నే కాదు. యంత్రం మిగిల్చిన సమయం, సొమ్ము ఎవరి లెక్కలో పడ్డాయన్నది ప్రశ్న. విత్తే పని పోయినందుకు ఆమెకు బదులుగా భూమి రాలేదు, యంత్రమూ రాలేదు.

మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది 1986లో, దేశమంతటికీ ఆ మార్పు వచ్చింది 2005లో. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీలు నడిపే కమతాలు దాదాపు 14 శాతమే. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టినప్పుడు సాయం అందింది పట్టాదారు పాసు పుస్తకంలో పేరున్నవాళ్ళకు. కౌలుకు చేసేవాళ్ళు దాని బయటే ఉండిపోయారు. ఆ పథకం ఆనాడు ఉండి ఉంటే, కౌలుదారు ఐలమ్మకు రూపాయి కూడా వచ్చేది కాదు. పోరాటానికి ప్రతీకగా ఆమె విగ్రహాలు పెట్టుకున్న నేల మీద ఈ మాట మనకు గుచ్చుకోవాలి.

సాహిత్యం చదువుకున్నవాళ్ళం మనం. విత్తడాన్ని కవిత్వంలో ఎంత సులువుగా ఉపమానం చేసుకున్నామో మనకు తెలుసు. ఆ ఉపమానం కింద ఉన్న అసలు చెయ్యిని చూడటానికి ఇంకా కొద్ది కాలమే ఉంది. జడ్డిగం మీద చెయ్యి వేసినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. వాళ్ళను అడగాల్సినవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. ఎన్నేళ్ళప్పుడు మొదట విత్తనం పట్టావు, ఎవరు నేర్పారు, ఎడ్ల వెంట నడిచినవాడికెంత కూలి, నీకెంత, దూలానికి కట్టిన కంకులు ఏ సంవత్సరం నుంచి కట్టడం మానేశావు, నువ్వు విత్తిన చేను ఎవరి పేరు మీద ఉంది. చివరి ప్రశ్నకు జవాబు ముందే తెలిసినట్టు అనిపించినా సరే, అడగాలి, ఆమె మాటల్లోనే రాసుకోవాలి.